తాళం ఉరుకుతోందన్నారు, డప్పు సంగతి చెప్పొద్దన్నారు

ప్రశ్న: అన్నా, మాది దేవరకద్ర దగ్గర పల్లె. నాకు ఇరవై నాలుగేండ్లు. మా నాయిన డప్పు కొట్టేటోడు. నాలుగో తరగతిల ఉన్నప్పుడే పీర్ల పండుగకు ఆయన పక్కన నిలబడి కొట్టిన. బడిల పంద్రాగస్టుకు సైడ్ డ్రమ్ము నాకే ఇచ్చేటోళ్లు. ఇంటర్ల ఉన్నప్పుడు మహబూబ్‌నగర్ల ఒక బ్యాండుమేళంల చేరి బరాత్‌లకు పోయిన. ఆ తర్వాత ఒక ఆర్కెస్ట్రాల ప్యాడ్ వాయించేటాయన మానేస్తే ఆ జాగల నన్ను నిలబెట్టిండ్రు. ఇప్పుడు పగలు సెల్‌ఫోన్ల దుకాణంల పని, ముహూర్తాలప్పుడు ఆర్కెస్ట్రా. మొన్న పట్నంల ఒక కవర్ బ్యాండోళ్లు, అంటే వేరేటోళ్ల పాటలు వాయించేటోళ్లు, నా వీడియో చూసి పిలిచిండ్రు. శని, ఆదివారాలు పబ్బుల్ల, కంపెనీల ఫంక్షన్లల్ల వాయిస్తరు. ట్రయల్‌కు పోతే, 'చేతులు మస్తున్నయ్, కానీ తాళం ఉరుకుతుంది, కిక్ ఆగమాగం ఉంది, రెండు నెలలు ఆగి రా' అన్నరు. వచ్చేటప్పుడు వాళ్ల మేనేజర్, 'ఇన్‌స్టాల డప్పు, బ్యాండుమేళం అని రాసుకోకు, పర్కషనిస్ట్ అని పెట్టుకో' అన్నడు. నాయినేమో చావులకు కొట్టుడు బంద్ పెట్టి పదేండ్లాయె. 'ఆ సప్పుడు నాతోనే పోవాలె అనుకున్న. నువ్వు మళ్ల పట్టుకుంటివి, అది గూడ ఎవరివో పాటలకు' అంటడు. నోట్స్ చదువుడు నాకు రాదు. దోస్తులు కిస్తుల మీద డ్రమ్ సెట్ కొను, దుకాణం మానెయ్ అంటున్నరు. ఏం చెయ్యాలె?

సమాధానం:

తమ్ముడూ, నీకు అక్కడ రెండు మాటలు చెప్పారు. తాళం ఉరుకుతోందన్నది నిజం అయ్యుంటుంది, దాన్ని పట్టించుకో. డప్పు పేరు చెప్పొద్దన్నది తప్పు, దాన్ని అక్కడే వదిలెయ్. రెండింటినీ ఒకే మూటగా కట్టుకుని ఇంటికి తెచ్చుకున్నావు గనుక నీ ఉత్తరంలో అంత బరువుంది. విడదీసి చూద్దాం.

ముందు తాళం. పట్నంలో డ్రమ్మర్లకు కొదువ లేదు. చేతులు నచ్చకపోతే 'ఫోన్ చేస్తాం' అని పంపిస్తారు, మళ్లీ ఫోన్ రాదు. నిన్ను గడువు పెట్టి మరీ రమ్మన్నారు. అంటే నీలో వాళ్లకు పనికొచ్చేది కనిపించింది. సరిదిద్దుకోవాల్సింది ఏదో కూడా పేరు పెట్టి చెప్పారు. చాలామందికి ఆ మేలు కూడా జరగదు.

నీ తాళం ఎందుకు ఉరుకుతుందో నీ ఉత్తరంలోనే ఉంది. బరాత్‌లో తాళం కొట్టేవాడి చేతిలో ఉండదు, ఆడేవాళ్ల కాళ్లలో ఉంటుంది. పెండ్లికొడుకు దోస్తులు ఊపు మీదికొస్తే నువ్వూ పెంచాలి, పెంచకపోతే 'ఏందిర సల్లగ కొడ్తున్నవ్' అంటారు. తీన్మార్ మొదలైన చోట ఉన్న వేగం పెండ్లిపందిరి దాకా వచ్చేసరికి ఎక్కడికో పోతుంది. అది తప్పు కాదు, అక్కడ అదే విద్య. గుంపును చూసి, ఎప్పుడు పెంచాలో ఎప్పుడు ఒక్కసారిగా ఆపాలో పట్టుకోవడం పట్నంలో క్లాసులకు పోయి నేర్చుకున్న పిల్లలకు ఏండ్లు గడిచినా రాదు. అయితే కవర్ బ్యాండ్‌లో బాస్ వాయించేవాడు, కీబోర్డు వాయించేవాడు, పాడేవాళ్లు అందరూ నీ మీద ఆనుకుని ఉంటారు. కొన్ని బ్యాండ్లు వెనక ముందే రికార్డు చేసిన ట్రాకు కూడా నడిపిస్తాయి. డ్రమ్మర్ చెవిలో తాళం కొలిచే క్లిక్ మోగుతుంటుంది. నువ్వు ఉరికితే ట్రాకు నీ కోసం ఉరకదు, పాట రెండు ముక్కలవుతుంది. చరణంలో ఊపిరి తీసుకునే జాగ లేక గాయని ఇబ్బంది పడుతుంది.

కాబట్టి ఈ రెండు నెలలు కొత్త రోల్స్, కొత్త విన్యాసాలు ఏవీ నేర్చుకోకు. తాళం కొలిచి టిక్కుటిక్కుమనే మెట్రోనోమ్ యాప్ ఫోన్లో ఉచితంగా దొరుకుతుంది, పెట్టుకో. 70 బీపీఎం, అంటే నిమిషానికి 70 మాత్రల దగ్గర ఒక్కటే బీట్ వాయించు. వేగంగా కొట్టడం కన్నా మెల్లగా కొట్టడం చాలా కష్టం, మొదటి వారంలోనే నీకు అర్థమవుతుంది. రెండు దెబ్బల మధ్య ఖాళీ ఎక్కువైనప్పుడు చెయ్యి ఆగలేక ముందుకు పడుతుంది. ఆ ఖాళీలో లోపల లెక్క నడవాలి. అది కుదిరాక యాప్‌ను 35కి తగ్గించు, ఆ మోతను రెండో మాత్ర, నాలుగో మాత్ర అనుకుని వాయించు. ఒకటి, మూడు నువ్వే చూసుకోవాలి. కొన్ని యాప్‌లలో క్లిక్ నాలుగు బార్లు మోగి, నాలుగు బార్లు మౌనంగా ఉండే ఏర్పాటు ఉంటుంది (ఇక్కడ బార్ అంటే నాలుగు మాత్రల ఒక చుట్టు). మౌనం తర్వాత క్లిక్ తిరిగొచ్చినప్పుడు నువ్వు దాని కన్నా ఎంత ముందున్నావో వినబడుతుంది. నువ్వు వెనకబడి ఉండవు, ముందే ఉంటావు, బరాత్ చేతులన్నీ అంతే.

ఇంకో సంగతి చూడు. నేను నేర్పే పిల్లల్లో తాళం జారేది బీట్ నడిచేటప్పుడు కాదు, రోల్ వేసేటప్పుడు. పల్లవికి తిరిగొచ్చే ముందు టామ్‌ల మీద, అంటే సెట్‌లోని గుమ్మటి డ్రమ్ముల మీద, ఒక ముక్తాయింపు వేస్తాం కదా, అక్కడ ఉత్సాహం వచ్చి చెయ్యి పరుగెడుతుంది. మూడు బార్లు బీట్, ఒక బార్ రోల్, మళ్లీ మూడు బార్లు బీట్. ఇది రోజూ చెయ్యి, ఫోన్లో రికార్డు చేసి పడుకునే ముందు విను. వాయించేటప్పుడు చెవి మోసపోతుంది, రికార్డింగ్ మోసం చేయదు.

ఇక కిక్, అంటే కాలితో పెడల్ నొక్కి కొట్టే పెద్ద డ్రమ్ము. అది ఆగమాగం ఎందుకయిందో నువ్వు గమనించావో లేదో. డప్పుకు కాళ్ల పని లేదు. సైడ్ డ్రమ్ముకు నడక తప్ప కాళ్ల పని లేదు. ఆర్కెస్ట్రాలో ఆక్టోప్యాడ్ అనే ఎలక్ట్రానిక్ వాయిద్యం మీద ఉన్న 8 ప్యాడ్లలో ఒకదానికి కిక్ సౌండ్ పెట్టుకుని దాన్ని కూడా చేత్తోనే కొడతాం. అంటే చిన్నప్పటి నుంచి ఇన్నేండ్లు వాయించినా నీ కుడికాలు మొన్న ట్రయల్‌లోనే మొదటిసారి నిజంగా పనిలోకి దిగింది. అది తడబడకపోతే ఆశ్చర్యపోవాలి. దీనికి డ్రమ్ సెట్ అక్కర్లేదు. కుర్చీలో కూర్చుని కుడికాలు ఒకటి, మూడు మీద, ఎడమకాలు రెండు, నాలుగు మీద నేలకు వెయ్యి. చేతులతో తొడల మీద ఎనిమిది సమానమైన దెబ్బలు వెయ్యి. అది నిద్రలో కూడా నడిచే దాకా రానిచ్చి, తర్వాత కుడికాలును 'రెండున్నర' మీద అదనంగా ఒకసారి వెయ్యి. అప్పుడు చేతులు చెదురుతాయి. చెదిరిన చోట ఆగి వేగం తగ్గించు. దుకాణంలో గిరాకీ లేని మధ్యాహ్నాలు దీనికి చాలు.

చేతుల గురించి వాళ్లు మెచ్చుకున్నదేమిటో నాకు తెలిసినట్టే ఉంది. డప్పులో కుడిచేతి సిర్ర పెద్ద దెబ్బ కొడుతుంది, ఊరవతలికి వినబడేది అదే. ఎడమచేతి సిటికెన పుల్ల ఆ దెబ్బల మధ్య సందుల్ని సన్నగా నింపుతూ పోతుంది. అది ఆగితే దరువు బోసిపోతుంది, కానీ దాన్ని విడిగా ఎవరూ వినరు. డ్రమ్ సెట్‌లో వాయించేవాడి ముందుండే స్నేర్ డ్రమ్ముకు మెల్లగా, చెవికి తాకీ తాకనట్టు వేసే దెబ్బల్ని ఘోస్ట్ నోట్స్ అంటారు. పాట 'నడుస్తోంది' అనిపించేది వాటి వల్లే. నా దగ్గరికి వచ్చే పిల్లలకు ఎడమచేత్తో ఆ సన్నదెబ్బ తెప్పించడానికి నెలలు పడుతుంది. నీకు మీ నాయిన పక్కన నిలబడ్డప్పుడే వచ్చింది. అయితే ఒక లోటుంది. డప్పు ఎడమ భుజానికి వేలాడుతుంటే ఎడమచెయ్యి దాని అంచును ఆనుకుని ఉంటుంది, పుల్లను ఆడించేది వేళ్లే. వేళ్లు తేరాయి గానీ మణికట్టు తేరలేదు. డ్రమ్ సెట్ మీద రెండు, నాలుగు మాత్రలకు స్నేర్ మీద పడే గట్టి దెబ్బ ఎడమచేతిదే, అది మణికట్టు నుంచి రావాలి, పాట మొదటి నుంచి చివరి దాకా ఒకే బరువుతో రావాలి. సైడ్ డ్రమ్ము నీకు కొంత నేర్పే ఉంటుంది, మిగిలింది సాధన చెయ్యి.

బ్యాండుమేళంలో ఎడమచేతి కర్రను అరచెయ్యి పైకి పెట్టి బొటనవేలి సందులో పట్టుకునే అలవాటు నీకు ఉండి ఉంటుంది. దాన్ని మార్చుకోవాలేమోనని కంగారుపడకు. మెడకు వేలాడే డ్రమ్ము పక్కకు వాలి ఉంటుంది గనుక పుట్టిన పట్టు అది, ప్రపంచమంతా దాన్ని ట్రెడిషనల్ గ్రిప్ అంటుంది. రోలింగ్ స్టోన్స్ డ్రమ్మర్ చార్లీ వాట్స్ జీవితాంతం ఆ పట్టుతోనే వాయించాడు. టామ్‌ల మీద చెయ్యి అందకపోతే అప్పుడు ఆలోచించు.

నోట్స్ రాకపోవడం ఇప్పుడు అడ్డం కాదు. కానీ రెండు పనులు చెయ్యి. మొదటిది, కుడి ఎడమల వరుసలు నేర్చుకో. ప్రపంచవ్యాప్తంగా డ్రమ్మర్లు ఒప్పుకున్న 40 ప్రాథమిక వరుసలున్నాయి, రుడిమెంట్స్ అంటారు. వాటిలో నీకు ముందు కావల్సినవి మూడు: ఒక్కో చేత్తో ఒక్కో దెబ్బ, ఒక్కో చేత్తో రెండేసి దెబ్బలు, పారాడిడిల్. పారాడిడిల్ అంటే కుడి ఎడమ కుడి కుడి, ఎడమ కుడి ఎడమ ఎడమ. నీకు ఇవి పేర్లు తెలియకుండానే కొంత వస్తాయి. రెండోది, ప్రతి పాటకు ఒక చీటీ రాసుకో. 'మొదటి మ్యూజిక్ 8 బార్లు, పల్లవి 16, ఇక్కడ ఆగాలి, చరణం హై-హ్యాట్ మూసి, చరణం చివర ఫ్లోర్ టామ్'. అంతే. (హై-హ్యాట్ అంటే కాలితో మూసి తెరిచే జంట ఇత్తడి తాళాలు, ఫ్లోర్ టామ్ అంటే నేల మీద నిలబడే పెద్ద టామ్.) తెలుగులోనే రాసుకో. పట్నంలో చదువుకున్న డ్రమ్మర్లు కూడా స్టేజీ మీద పెట్టుకునేది ఎక్కువగా ఇలాంటి చీటీలే. తర్వాత ఆసక్తి ఉంటే ట్రినిటీ కాలేజ్ లండన్ వాళ్ల రాక్ అండ్ పాప్ డ్రమ్స్ పరీక్షలున్నాయి, చివరిది గ్రేడ్ 8. పిల్లలకు నేర్పి బతకాలనుకున్న రోజున ఆ కాగితం అక్కరకొస్తుంది.

శబ్దం సంగతి కూడా చెప్పాలి. మనం ఆరుబయట పెరిగినవాళ్లం. కురుమూర్తి జాతరలో వెయ్యి గొంతుల మీదుగా వినబడాలి డప్పు. ఆర్కెస్ట్రాలో ప్యాడ్ ఎంత గట్టిగా కొట్టినా సౌండ్ చూసే ఆయన మిక్సర్ మీద తగ్గించేస్తాడు. పబ్ నాలుగు గోడల గది, అక్కడ స్నేర్‌కు మైకు కూడా ఉండకపోవచ్చు, నీ చెయ్యే మిక్సర్. గాయని గొంతు నీ హై-హ్యాట్ పైన వినబడుతుందా లేదా అన్నది ఒక్కటే కొలత. సగం బలంతో వాయిస్తూ ఊపు తగ్గకుండా చూడటం ఈ కొలువులో పెద్ద విద్య, దీనికి రెండు నెలలు చాలవు, మొదలైతే పెట్టు.

ఇక చెవులు. ఇది తేలిగ్గా తీసుకుంటే నాకు బాధ కలుగుతుంది. 85 డెసిబెల్స్ శబ్దంలో 8 గంటలు పనిచేయవచ్చని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ ఒక కొలత పెట్టింది. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గరికి వచ్చేసరికి పావుగంటే. మూసిన గదిలో డ్రమ్ సెట్ ముందు కూర్చున్నవాడికి ఆ పావుగంట మూడు నాలుగు పాటల్లో అయిపోతుంది. షో అయ్యాక చెవుల్లో గుయ్యిమంటే అది అలవాటు పడాల్సిన సంగతి కాదు. సంగీతకారుల ఇయర్ ప్లగ్స్ దొరుకుతాయి, పాట పాడవకుండా శబ్దం తగ్గిస్తాయి. కర్రల తర్వాత నువ్వు కొనాల్సిన రెండో వస్తువు అదే.

ఇప్పుడు మేనేజర్ మాట.

ఆయన మనిషి చెడ్డవాడని నేననను. పబ్బుకు వచ్చేవాళ్లకు ఏ మాట నచ్చుతుందో లెక్కవేసుకునే పని ఆయనది. కానీ ఆ లెక్కలో నీ ఇంటిపేరు, నీ వాడ, మీ నాయిన చెయ్యి తీసివేతలోకి పోతున్నాయి. పర్కషనిస్ట్ అన్న మాటలో తప్పేమీ లేదు, పెట్టుకో. దాని పక్కన డప్పు అని కూడా పెట్టుకో. దాచినవాడికి ఒక భయం పట్టుకుంటుంది: ఊరి నుంచి ఎవరన్నా వచ్చి పలకరిస్తే ఎట్లా, పాత వీడియో ఎవరన్నా బయటపెడితే ఎట్లా అని. తాళం నిలబెట్టాల్సిన మనసు ఆ కాపలాకు పోకూడదు.

మీ దేవరకద్రకు దగ్గరిదే కురుమూర్తి గనుక ఒక మాట గుర్తుచేస్తాను. దీపావళి తర్వాత జరిగే ఆ జాతరలో అందరూ ఎదురుచూసేది ఉద్దాల ఉత్సవం. స్వామి పాదుకలు అవి. వడ్డెమాన్‌లో దళితుల చేతుల మీదుగా తయారవుతాయి, లక్షల మంది వాటికే మొక్కుతారు. ఆ తోలు పట్టిన చేతులు ఎవరివో ఎవరూ దాచరు. డప్పు మీద తోలును కూడా ఆ చేతులే బిగించాయి, నిప్పు సెగకు కాపి శ్రుతికి తెచ్చాయి. నువ్వు సిగ్గుపడాల్సింది అందులో ఏముంది?

మన పాలమూరులోనే, అంటే పాత మహబూబ్‌నగర్ జిల్లాలోనే, ఇద్దరున్నారు చూడు. నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన దర్శనం మొగిలయ్య 12 మెట్ల కిన్నెర పట్టుకుని ఊరూరా తిరిగిన మనిషి, 2022లో పద్మశ్రీ వచ్చింది. నారాయణపేట జిల్లా దామరగిద్ద దాసరి కొండప్పకు బుర్రవీణ మీద 2024లో పద్మశ్రీ వచ్చింది. ఇద్దరూ తమ వాయిద్యం పేరు మార్చి చెప్పుకోలేదు. అవతల శివమణిని చూడు, 2019లో పద్మశ్రీ అందుకున్న డ్రమ్మర్, పెద్ద పెద్ద వేదికల మీద బకెట్లు, సూట్‌కేసులు వాయించి జనాన్ని లేపి నిలబెట్టాడు. డ్రమ్మర్‌కు ఏది వాయించాడన్నది నామోషీ కాదు. అయితే ఇంకోటి కూడా చెప్పాలి. పద్మశ్రీ వచ్చిన రెండేండ్లకు మొగిలయ్య కూలిపనికి పోతున్నారన్న వార్తలు చూసి మనమంతా బాధపడ్డాం. బిరుదు వేరు, నెలనెలా వచ్చే రాబడి వేరు. డబ్బు గురించి కింద నేను గట్టిగా మాట్లాడేది అందుకే.

మీ నాయిన మాట నన్ను ఎక్కువ ఆపింది. చావులకు కొట్టడం ఆయన ఎందుకు మానేశాడో నువ్వు రాయలేదు, నేను ఊహించగలను. పిలిచినప్పుడల్లా పోవాలి, ఏ రాత్రయినా పోవాలి, ఇచ్చింది తీసుకోవాలి, దూరంగా నిలబడాలి. ఆ వెట్టిని కాదన్న మనుషులు మన ఊర్లలో చాలామంది ఉన్నారు. అది ఆత్మగౌరవం కోసం తీసుకున్న నిర్ణయం. ఆయన వద్దనుకున్నది దరువును కాదు, ఆ పిలుపును. నీ చేతిలో కర్ర చూసినప్పుడల్లా ఆయనకు మళ్లీ ఆ పిలుపే వినబడుతోంది. కాబట్టి 'నాయినా, ఇది ఆర్టు, నీకు తెల్వదు' అని వాదించకు. తెలియనిది ఆయనకు కాదు. వేరే సంగతులు చెప్పు: ఎంత ఇస్తారో ముందే మాట్లాడుకుంటానని, నచ్చకపోతే రాననే హక్కు నాకుందని, అందరితో పాటు అదే బల్ల మీద కూర్చుని తింటానని. అవి నిజమయ్యేట్టు నువ్వు చూసుకోవాలి మరి. ఒక ఆదివారం రిహార్సల్‌కు ఆయనను తీసుకపో. ఏమీ అడగకు, కూర్చోబెట్టు. వచ్చేటప్పుడు తాళం ఎక్కడ ఉరికిందో ఆయననే అడుగు. నీకు మొదట దరువు నేర్పిన చెవులవి, పట్నంలో ఎవరికన్నా ముందు ఆయన పట్టుకుంటాడు.

'ఎవరివో పాటలు' అన్న మాటకు జవాబు సులువు. డప్పు మీద మీ నాయిన కొట్టిన పెండ్లి దెబ్బ, దేవుని దెబ్బ ఆయన కట్టినవి కావు కదా, ఆయన తాతల నాటివి. ఉన్నదాన్ని బాగా కొట్టడంతోనే అందరూ మొదలుపెడతారు. బీటిల్స్ పేరు వినే ఉంటావు. వాళ్లు జర్మనీలో హాంబర్గ్ క్లబ్బుల్లో గంటల తరబడి వాయించింది ఎక్కువగా వేరేవాళ్ల పాటలే. 1963లో వచ్చిన వాళ్ల మొదటి ఆల్బంలో 14 పాటలుంటే అందులో 6 ఇతరులవి. కవర్ బ్యాండ్‌లో ఒక రాత్రికి పాతికో ముప్ఫయ్యో పాటలు పోతాయి, ఒక్కోదాని నడక ఒక్కోరకం. అంత తొందరగా అన్ని నడకలు నేర్పే బడి ఇంకోటి లేదు.

కానీ అచ్చంగా దింపేయడం నేర్చుకోకు. చాలా పాత సినిమా పాటల్లో డ్రమ్స్ ఉండవు, తబలా, ఢోలక్ ఉంటాయి. ఢోలక్ ఎడమవైపు మూలిగే మంద్రం ఫ్లోర్ టామ్‌కు పోవాలా, కిక్‌కు పోవాలా? కుడివైపు టకటక స్నేర్ అంచు మీద కర్ర అడ్డంగా పెట్టి కొట్టేదానికి సరిపోతుందా? ఇప్పటి పాటల్లో కంప్యూటర్లో పేర్చిన నాలుగైదు రకాల మోతలుంటాయి, నీకున్నవి రెండు చేతులు, రెండు కాళ్లు. ఏది ఉంచాలో, ఏది వదిలేయాలో తేల్చుకోవాలి. అక్కడే నీ మనసు పనిచేస్తుంది. మన జానపదం ఏదన్నా ఆరు మాత్రల నడకలో వచ్చిందనుకో. ఒకటి మీద కిక్, నాలుగు మీద స్నేర్, ఆరింటి మీదా హై-హ్యాట్, ఇంతవరకు ఎవరైనా వాయిస్తారు. సందుల్లో సిటికెన పుల్ల పని స్నేర్ మీద సన్నగా వెయ్యి. గిటార్ పిల్లలు తలతిప్పి నీవైపు చూస్తారు. డప్పు పేరు చెప్పుకోవడానికి అంతకన్నా మంచి చోటు నీకు దొరకదు.

చట్టం గురించి ఒక ముక్క. పెండ్లి ఊరేగింపులో, పెండ్లి వేడుకల్లో పాటలు వాయిస్తే కాపీరైటు ఉల్లంఘన కిందికి రాదని 1957 కాపీరైటు చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. పబ్బులకు ఆ వెసులుబాటు లేదు, లైసెన్సు కావాలి. అది సాధారణంగా పబ్బువాళ్లో కార్యక్రమం పెట్టేవాళ్లో చూసుకునే పని. నీ జేబులోంచి పోకూడదు, ఒప్పందంలో ఆ మాట ఉందో లేదో మాత్రం చూసుకో.

డ్రమ్ సెట్ కొనొద్దు. కిస్తుల మీద అసలే వద్దు. పట్నంలో గంటల లెక్కన అద్దెకిచ్చే జామ్ రూములున్నాయి, అక్కడ సెట్ ఉంటుంది. షో జరిగే చోట కూడా ఎక్కువగా సెట్ వాళ్లే పెడతారు. డ్రమ్మర్ వెంట తెచ్చుకునేవి కర్రలు, పెడల్, తర్వాత స్నేర్, సింబల్స్ అనే ఇత్తడి తాళాలు. ఆ వరుసలోనే కొను. ఇప్పటికి 5ఏ అనే మధ్యరకం సైజు కర్రలు రెండు జతలు, ఒక ప్రాక్టీస్ ప్యాడ్ చాలు. అదీ కుదరకపోతే చెక్క పలక మీద పాత ట్యూబు ముక్క బిగించి కొట్టు. మొదటి పది షోల డబ్బుతో పెడల్ తీసుకో, కాలికి అలవాటైన పెడల్ ఒకటి ఉంటే ఏ సెట్ మీదైనా ధైర్యంగా కూర్చోవచ్చు. పెద్ద సెట్ పల్లెలో ఇంట్లో పెట్టుకుంటే రాత్రి పదింటికి వాయించలేవు, పగలు నువ్వు దుకాణంలో ఉంటావు.

దుకాణం కూడా మానొద్దు, ఆర్కెస్ట్రా కూడా మానొద్దు. మూఢాలు, పుష్యం వచ్చినప్పుడు పెండ్లిళ్లు ఆగిపోతాయి, ప్యాడ్ మూలకు పడుతుంది. పబ్బులకు మూఢం లేదు. ఆ ఖాళీ వారాల్లో పట్నం షోలు పెట్టుకో, మంచి ముహూర్తాల రోజులు ముందే బ్యాండువాళ్లకు రాసిచ్చి రానని చెప్పు. ఒక సంవత్సరం ఇట్లా నడిపితే ఏ దారిలో ఎంత వస్తోందో లెక్క చేతికొస్తుంది. దుకాణం సంగతి అప్పుడు తేల్చుకో.

ఒప్పుకునే ముందు అడగాల్సినవి సిగ్గుపడకుండా అడుగు. ఒక్కో షోకు ఎంత, రిహార్సల్‌కు ఇస్తారా, రాకపోకల ఖర్చు ఎవరిది, షో రద్దయితే ఎంత, డబ్బు ఆ రాత్రే ఇస్తారా. వాట్సాప్‌లో రాయించుకో. మీ ఊరు పట్నానికి వంద కిలోమీటర్లు దాటిన దూరం. షో అయ్యేసరికి అర్ధరాత్రి అవుతుంది. చలికాలం పొగమంచులో జాతీయ రహదారి మీద బండేసుకుని ఒక్కడివే రాకు. పడుకోవడానికి చోటు చూపించమను, పొద్దుటి బండికి రా. ఇది నేను సలహాగా చెప్పడం లేదు, కచ్చితంగా పాటించమని చెబుతున్నాను.

రెండు నెలల తర్వాత ట్రయల్‌కు పోయేటప్పుడు మూడు పాటలు సిద్ధం చేసుకో: ఒకటి మెల్లగా నడిచేది, ఒకటి మధ్యస్థం, ఒకటి ఆరు మాత్రల జానపదం. మెల్లగా నడిచే పాటనే ముందు వాయిస్తానని అడుగు, తాళం నిలబడిందని వాళ్లకు అక్కడే తెలుస్తుంది. క్లిక్ పెట్టమని నువ్వే అడుగు. జామ్ రూములో ముందు రోజు ఒక గంట తీసుకుని పెడల్‌కు కాలు అలవాటు చేసుకో, కుర్చీ ఎత్తు చూసుకో, మోకాలు నడుము కన్నా కొంచెం కిందికి ఉండాలి. వాళ్లు ఒప్పుకుంటే, మొదటి షోకు పోస్టర్ మీద నీ పేరు పక్కన ఏం రాయాలని అడుగుతారు. డ్రమ్స్, డప్పు అని రాయమను.